బందరు బండి పాఠకురాలు

చేపల మార్కెట్లో కొరమీను బేరమాడుతున్నాను. అమ్మే ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీరు లైబ్రరీ మేడంగారు కదండీ?" అంది. ఔనన్నాను.

"మీ పుస్తకాలావిడ పోయిందండి. పోయిన నెల్లో. జొరమని పడుకుంది, నాలుగో రోజుకి లేదు," అంది, పొలుసు గీకుతూనే.

ఇంటికొచ్చి చాలాసేపు వరండాలో కూర్చున్నాను. సంచీలోంచి నీళ్ళు కారి చీర తడిసేదాకా చేప నా ఒళ్ళోనే ఉందని తెలియలేదు.

ఆవిడ అసలు పేరు మా సభ్యత్వ రిజిస్టర్లో ఉంది. కానీ ఆ పేరుతో అడిగితే మార్కెట్లో గానీ రైల్లో గానీ ఎవరూ చెప్పలేరు. బందరు పక్కన గిలకలదిండి రేవు నుంచి పొద్దుటి బండికి చేపలు తెచ్చి బెజవాడలో అమ్ముకునే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. సాయంత్రం తిరుగు బండిలో కిటికీ పక్కన పుస్తకం తెరుచుకుని కూర్చునేది మాత్రం ఆవిడ ఒక్కతే. అందుకని పుస్తకాలావిడ.

కాలవ గట్టు దగ్గర మాది రెండు గదుల శాఖా గ్రంథాలయం. ముందు గదిలో పేపర్లు, వెనక గదిలో పుస్తకాలు. సాయంత్రం నాలుగింటికి తలుపు తీసేవేళకి రిటైరైన పెద్దలు నలుగురైదుగురు మెట్ల మీద ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు. తొంభైల మొదట్లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక రోజు వాళ్ళకి కాస్త ఎడంగా ఒకావిడ నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. చీర మోకాలి కిందికి ఎత్తి దోపుకుంది. చంకలో ఖాళీ గంప. నన్ను చూడగానే కొంగుముడి విప్పి నూనె పీల్చుకున్న కాయితం ఒకటి తీసింది.

"పకోడీలు ఇందులో కట్టిచ్చాడండి. ఈ పడవ ఒడ్డుకొచ్చిందో లేదో చెప్పండి."

ఏదో పాత నవల్లో పేజీ అది. రెండు వైపులా తుఫానే. చివరి వాక్యం సగంలో తెగిపోయింది: కెరటం లేచింది, నావ ముందుభాగం పైకెత్తుకుంది, అంతే. పుస్తకం పేరు గానీ రాసినవారి పేరు గానీ ఎక్కడా లేదు. తెలియదన్నాను.

"ఇన్ని పుస్తకాలున్నాయి, మీకు తెలవదా అండీ?" అంది. అందులో ఎగతాళి లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

ఆ మాట నన్ను కాస్త పొడిచింది. మా అరలన్నీ వెతికాను. మరో రెండు గ్రంథాలయాల్లో అడిగాను. ఆ పుస్తకం దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు. ఆ రోజుకి మాత్రం ఊరికే పంపలేక, ఇంకో సముద్రం కథ తీసి చేతికిచ్చాను. ఊళ్ళో బళ్ళో అయిదో తరగతి దాకా చదివిందట. గుమ్మం పక్కన నేల మీద కూర్చుని, పెదాలు కదుపుతూ, వేలితో వరస పట్టుకుని అయిదున్నర దాకా చదివింది. తర్వాత పుస్తకం నాకిచ్చి, ఎక్కడ ఆపిందో నాతో కూడా చెప్పి, స్టేషన్‌కి పరుగెత్తింది.

వారం తిరక్కుండా సలహాల పుస్తకంలో ఒక ఫిర్యాదు చేరింది. పేపరు గదిలో రోజూ అందరికంటే ముందు కూర్చునే రిటైర్డ్ హెడ్మాస్టరు గారి చేతిరాత. "చదువుకొను చోట నీచు వాసన వచ్చుచున్నది. తగు చర్య గైకొనగలరు." ఈ మాట ఆవిడకి ఎలా చెప్పాలా అని నేను నలుగుతున్నాను. కానీ ఆ పుస్తకం గోడకి దారంతో వేలాడుతూ ఉండేది. ఆవిడకి చదవడం వచ్చు. ఒక సాయంత్రం చూద్దును కదా, దాని ముందు నిలబడి, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం చదువుకుంటోంది.

గంప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇక రాదనుకున్నాను.

మర్నాడు వచ్చింది. గంప టీ కొట్టు దగ్గర దించింది. చీర మార్చుకుంది. నేరుగా హెడ్మాస్టరు గారి ముందుకి వెళ్ళి, బళ్ళో గోళ్ళు చూపించే పిల్లలా రెండు అరచేతులూ చాపింది.

"చూడండి మాస్టారూ."

ఆయన గాభరాపడి, కళ్ళజోడు సర్దుకుని, నిజంగానే వంగి వాసన చూశారు. "నిమ్మకాయ," అన్నారు, తప్పు చేసినవాడిలా.

"కుళాయి కాడ సబ్బుతో కడిగి, నిమ్మచెక్క రుద్దుకున్నానండి. ఇంకా వస్తే చెప్పండి, రేపు రెండు చెక్కలు రుద్దుతా."

ఆ తర్వాత ఆవిడ ఎప్పుడొచ్చినా ముందు ఆయన దగ్గరికే వెళ్ళి చేతులు చాపేది. ఆయన "సరే సరే" అని పేపరు అడ్డం పెట్టుకునేవారు. నెలలోపే సభ్యత్వానికి జామీను సంతకం కావాలంటే, ఎవరూ అడక్కముందే ఆయనే కలం తీశారు. మొదట్లో ఆవిడని "నువ్వు" అన్న నేను "మీరు" లోకి ఎప్పుడు మారానో గుర్తులేదు గానీ, ఆ చేతులు చాపిన రోజు తర్వాతేనని గట్టిగా చెప్పగలను.

ఆవిడకి కావలసినవి సముద్రం పుస్తకాలే. తుఫానులు, ఓడలు, రేవులు. వేరే కథలిస్తే మర్యాదగా అటూ ఇటూ తిప్పి ఇచ్చేసేది. పుస్తకం తీసుకునే ముందు ఒకే ప్రశ్న అడిగేది.

"ఇందులో ఎంతమంది పోతారండీ?"

ముగ్గురంటే తల ఊపి తీసుకునేది. అందరూ అంటే ఒక్క క్షణం ఆగి, అయినా తీసుకునేది. ఒకసారి ఎవరూ పోరని చెప్తే, "పిల్లల పుస్తకమా అండీ?" అంది.

తిరిగిచ్చేటప్పుడు తీర్పు చెప్పేది. "ఈయన సముద్రం మీదకెళ్ళలేదండి. నూరు పేజీలు బోటు మీదే ఉన్నారు, తాగే నీళ్ళెన్ని ఉన్నాయో ఒక్కడూ అడగలేదు." ఇంకో ఆయన గురించి, "ఈయనెళ్ళాడండి. వాంతులు రాశాడు." దేశం కాని దేశాల కెప్టెన్ల పేర్లు ఆవిడ నోట పలికేవి కావు. బోటు నడిపేవాడెవడైనా ఆవిడకి సరంగే. ఉత్తర సముద్రంలో మంచుకొండల మధ్య ఓడ చిక్కుకున్న కథ చదివి, "అదృష్టవంతులండి, ఐసు కొనే పని లేదు," అంది. నవ్వుతోందేమోనని చూశాను. లేదు. చేపలు పాడైపోతాయన్న దిగులుతో రోజూ రైలెక్కే మనిషి మరి.

"మీరెప్పుడన్నా సముద్రం మీదకి వెళ్ళారా?" అని అడిగాను ఒకసారి.

"ఆడాళ్ళని వేటకి ఎక్కనియ్యరండి. ఒడ్డున కట్టేసినప్పుడు కడగడానికి ఎక్కడమే."

"మరి ఎవరు వెళ్ళారో, ఎవరు వెళ్ళలేదో అంత ఖచ్చితంగా ఎలా చెప్తారు?"

"కూడూ నీళ్ళూ కట్టి పంపేది నేనే కదండీ. ఎంత పంపానో, ఎంత మిగిలొచ్చిందో చూస్తే అక్కడేం జరిగిందో సగం తెలుస్తది. మిగతా సగం వాళ్ళు చెప్పరు."

మా దగ్గర ప్రపంచంలోని రేవుల బొమ్మలతో పెద్ద పుస్తకం ఒకటి ఉండేది, ఇంటికివ్వం. దాన్ని ముందేసుకుని పేజీలు తిప్పుతూ ఒక రోజు నన్ను పిలిచింది. "ఇన్ని రేవుల్లో ఆడమడిసి ఒక్కతీ కనపడదేందండీ? చేపలెవరమ్ముతారు?" ఇంకో రోజు, తుఫాను హెచ్చరిక వచ్చి, కొడుకు బోటు ఒక పూట ఆలస్యంగా చేరిన వారంలో అనుకుంటాను, పుస్తకం బల్ల మీద పెట్టి నిలబడిపోయింది.

"ఈ పుస్తకాల్లో తుఫాను ఎప్పుడూ బోటు మీదే ఉంటదేందండీ? ఒడ్డున నిలబడ్డోళ్ళకి తుఫాను లేదా?"

హెడ్మాస్టరు గారు పేపరు దించి, "రాసేది మగవాళ్ళు కదమ్మా," అన్నారు.

"మగోళ్ళయితే మాత్రం, వాళ్ళకి అమ్మలు లేరా అండీ?"

ఈ పుస్తకాలే ఎందుకో రెండేళ్ళ దాకా చెప్పలేదు. ఒక వానరోజు జనం లేని వేళ చెప్పింది. భర్త వేటకెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి కొడుక్కి మూడేళ్ళు. గాలీ లేదు, వానా లేదు, సముద్రం చాపలా పరుచుకుని ఉన్న రోజు. బోటు వచ్చింది, మనిషి రాలేదు. శవం కూడా దొరకలేదు. సరంగు గుమ్మంలో నిలబడి ఒకే మాట చెప్పాడు: "జారాడు." ఎక్కడ, ఎలా అని ఆవిడ ఎన్నిసార్లడిగినా అదే మాట. సముద్రం సద్దుమణిగి ఉన్న రోజున పడవలో పుట్టి పెరిగినవాడు ఎలా జారతాడు? తాగి పడ్డాడని ఊరు తేల్చేసింది. అత్తగారు కూడా అదే నమ్మి పోయింది. కొడుకు ఎవరితో గొడవపడ్డా చివరికి ఆ మాటే వచ్చేది: తాగి పడ్డోడి కొడుకు.

"ఆయన తాగడని కాదండి. వేటకెళ్ళేటప్పుడు చుక్క ముట్టడు. అది నాకొక్కదానికే తెలుసు. నేనొక్కదాన్ని చెప్తే ఎవరు నమ్ముతారు? నీళ్ళలో పడ్డ మడిసికి ఏమవుతదో ఈ పుస్తకాల్లో ఎక్కడన్నా ఉంటదేమోనని చూస్తన్నానండి."

ఆ తర్వాత కొన్నాళ్ళకి కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. అందులో నీలం అట్ట మీద ఓడ బొమ్మ ఉన్న అనువాదం ఒకటి. ముందుగా నేనే చదివాను. ఏడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. గాలి కదలని రోజు, చిక్కుపడ్డ తాడు తప్పించబోయి ఒక నావికుడు నీళ్ళలో పడతాడు. పడిన క్షణం నుంచి మునిగేదాకా అతను ఏం చూశాడో పది పేజీలు. ఆ పుస్తకం తీసుకెళ్ళి బీరువా అడుగు అరలో, పాత రిజిస్టర్ల వెనక పెట్టేశాను.

కట్ట విప్పినప్పుడు ఆవిడ అక్కడే ఉంది. అట్ట చూసింది. "ఆ నీలం పుస్తకమేదండీ?" అని అడిగితే, "ఎవరో తీసుకెళ్ళారు," అన్నాను. మరుసటి వారమూ అడిగింది. ఇంకా రాలేదన్నాను. మూడోసారి అడిగినప్పుడు, హెడ్మాస్టరు గారు సాయం చేస్తున్నాననుకుని, "అది బీరువాలో ఉందిగా! మొన్న రిజిస్టర్లు తీస్తుంటే చూశాను," అన్నారు.

ఆవిడ నా వంక చూసింది. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఎందుకు దాచారండీ?"

"మీరు బాధపడతారని..."

"మా రేవులో వాళ్ళూ అందుకే దాచారండి. మీరూ దాచారు."

బీరువా తీసి పుస్తకం ఇచ్చాను. ఎంతమంది పోతారని ఆ రోజు అడగలేదు. పుస్తకం ఎప్పటిలా పాలిథిన్ కవర్లో చుట్టుకుని బండికి వెళ్ళిపోయింది.

మూడు వారాలు కనపడలేదు. చేపలతో మార్కెట్‌కి వస్తోందని తెలుసు, గ్రంథాలయం మెట్లు మాత్రం ఎక్కలేదు. రోజూ నాలుగింటికి తలుపు తీస్తూ మెట్ల వైపు చూసేదాన్ని. హెడ్మాస్టరు గారు కూడా చూసేవారు. "నోరు జారాను," అని ఒకటి రెండుసార్లు అన్నారు. "లేదండీ, నేనే తప్పు చేశాను," అన్నాను.

నాలుగో వారంలో వచ్చింది. చేతులు చాపడం మర్చిపోయింది. నా బల్ల ముందు కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఎన్నో ఏళ్ళు గడిచినా ఆవిడ చెప్పిన తీరు నాకు అలాగే గుర్తుంది.

ఏడో అధ్యాయం మూడుసార్లు చదివిందట. తర్వాత పుస్తకం పట్టుకుని పొద్దున్నే ఆ సరంగు ఇంటికి వెళ్ళింది. అప్పటికి అతను వేట మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. "అన్నా, ఒకటి చదువుతా, ఇను," అని అరుగు మీద కూర్చుని ఆ పది పేజీలూ పైకి చదివింది. చదవడం అయ్యాక అడిగింది:

"ఇట్టాగేనా?"

అతను తల ఎత్తలేదట. "ఇట్టా కాదు," అన్నాడట. "తాడు తప్పించడానికి దిగింది వాడు కాదు చెల్లమ్మా. నేను."

వల పూర్తిగా లాగకముందే సరంగు ఇంజను వేశాడు. వల వెళ్ళి బోటు అడుగున తిరిగే ఫ్యానుకి చుట్టుకుంది. తప్పు తనదే కాబట్టి కత్తి పట్టుకుని తనే దిగాడు. కింద అదే వల అతని కాళ్ళకి చుట్టుకుంది. ఊపిరి అయిపోతోందనగా పైనుంచి ఒకడు దూకాడు. ఆవిడ భర్త. వల కోసి, సరంగుని పైకి తోశాడు. ఈలోగా బోటు పక్కకి ఊగి, అడుగు భాగం అతని తలకి తగిలింది. సరంగు పైకి తేలాడు. అతను తేలలేదు. పొద్దుగూకేదాకా అక్కడే తిరిగి వెతికారట.

"అప్పుడే చెప్తే ఏం పోయేదన్నా?"

"వాడు పోయి నేను బతికానని నీ మొహం చూసి ఎట్టా చెప్పను? జారాడని ఒక మాటనేశా. ఊరు తాగాడని కట్టేసింది. ఇంక నోరు రాలేదు."

మిగతా ఇద్దరి చేతా అదే చెప్పించాడు. వాళ్ళలో ఒకడు చనిపోయాడు, ఇంకొకడు ఊరు విడిచిపోయాడు.

"బతికినందుకు కోపం లేదండి," అంది నాతో. "ఎవరో ఒకరు బతికారు కదా. కానీ పదిహేడేళ్ళు నా బిడ్డ తల దించుకుని తిరుగుతుంటే రోజూ చూశాడు. చూసి ఊరుకున్నాడు. అదండీ నాకు మండింది."

"ఏమన్నారు మరి?"

"నాకు చెప్పింది చాలదు, వాడికి చెప్పు అన్నా. అందరిలో చెప్పు అన్నా."

చెప్పాడట. మర్నాడు రేవులో మగవాళ్ళందరూ వలలు బాగుచేసుకుంటున్న చోటికి కర్ర ఊతంతో వచ్చి, నిలబడే చెప్పాడు. కొడుకు విన్నాడు. మధ్యాహ్నం దాకా వల కుట్టుకుంటూనే ఉన్నాడు. ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని తల్లిని అడిగాడు.

"నాన్నకి ఈత బాగా వచ్చా?"

"మన రేవులో ఆయన్ని మించినోడు లేడురా."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడూ అడగలేదురా."

ఇది చెప్తున్నప్పుడు మాత్రం ఆవిడ ఏడ్చింది. హెడ్మాస్టరు గారు పేపరు ముందు పెట్టుకునే కూర్చున్నారు గానీ ఎంతసేపటికీ పేజీ తిప్పలేదు. వెళ్ళేముందు ఆవిడ నీలం పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇంకెప్పుడూ నాకేదీ దాచకండి మేడంగారూ," అంది. దాచనన్నాను. మళ్ళీ దాచలేదు కూడా.

ఆ సరంగుతో ఆవిడ ఏడాది పాటు మాట్లాడలేదు. తర్వాత అతని చూపు పోయింది. ఒక సాయంత్రం గోడలు తడుముకుంటూ ఆవిడ అరుగు దగ్గరికి వచ్చి కూర్చున్నాడట. తిడదామని నోరు తెరిచేలోపు అతనే అడిగాడు: "ఆ పుస్తకంలో పడ్డోడి కోసం ఓడ ఎంతసేపు ఆగింది చెల్లమ్మా?"

ఆవిడ మర్నాడు వచ్చి నీలం పుస్తకం మళ్ళీ రాయించుకుంది. అలా మొదలైంది. అప్పటినుంచి పుస్తకాలు గడువు దాటి వచ్చేవి. ఎందుకాలస్యమంటే, "ఇద్దరం చదవాలి కదండీ," అనేది. తీర్పులు కూడా రెండయ్యాయి. "నాకు నచ్చిందండి. అన్నకి నచ్చలేదు, సరంగు మరీ మంచోడంట." మా అరలు అయిపోతే జిల్లా కేంద్రం నుంచి తెప్పించేదాన్ని. సునామీ వచ్చిన ఏడాది ఆవిడ బాగానే ఉందని తెలిసేదాకా నేనూ హెడ్మాస్టరు గారూ రెండు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగాం. మూడో రోజు పుస్తకంతో సహా దిగింది. "తడవలేదండి, అటక మీద పెట్టా," అంది మమ్మల్ని చూడగానే. మేం వచ్చింది పుస్తకం కోసమనుకుంది.

హెడ్మాస్టరు గారు పోయాక కూడా ఆవిడ వచ్చేది. ఈ మధ్య రాక తగ్గింది. ఆఖరుసారి తీసుకెళ్ళిన పుస్తకం రెండు నెలలైనా తిరిగి రాలేదు. నేను పట్టించుకోలేదు.

మార్కెట్లో ఆ కబురు విన్న తర్వాత వచ్చిన ఆదివారం బందరు బస్సెక్కాను. ఇన్నేళ్ళలో ఆవిడ ఊరు వెళ్ళడం అదే మొదటిసారి. రేవు వెనక వీధిలో ఇల్లు. నేనెవరో చెప్పగానే నడివయసుకొచ్చిన కొడుకు లోపలికి పిలిచాడు. "పుస్తకం మీకు తెచ్చివ్వాలండి. కుదరలేదు," అని పాలిథిన్ కవరు తెచ్చిచ్చాడు. మధ్యలో రైలు టికెట్ పెట్టి ఉంది.

అరుగు మీద నులక మంచంలో చూపు లేని ముసలాయన, ఆ సరంగే, లేచి కూర్చున్నాడు. "ఎవరొచ్చింది?"

"లైబ్రరీ మేడంగారు మావయ్యా."

నమస్కారం చెప్పాను. నా గొంతు ఎటునుంచి వచ్చిందో అటు తిరిగి, "ఓడ రేవులోకెళ్ళే మొగ బయట ఆగిపోయిందమ్మా. పోటు కోసం చూస్తన్నారు. ఆమె అక్కడిదాకా చదివింది. మావోడికి చదువు రాదు," అన్నాడు.

మంచం పట్టె మీద కూర్చుని టికెట్ ఉన్న పేజీ తెరిచాను. చదవడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు అయ్యాయో లేదో ఆయన చెయ్యి ఎత్తాడు.

"కొంచెం గట్టిగా చదవండమ్మా. ఆమె గట్టిగా చదివేది. బోట్లు తిరుగుతుంటాయి కదా, ఇనపడదు."

నిశ్శబ్దం పాటించమన్న బోర్డు కింద ఇన్నేళ్ళు కూర్చున్నదాన్ని. గట్టిగా చదవడం నాకు అలవాటు లేదు. గొంతు సవరించుకుని, పేజీ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను. వీధిలో వల కుట్టుకుంటున్న ఇద్దరు చేతులాపి ఇటు తిరిగారు. కొడుకు గుమ్మంలో కూర్చున్నాడు. ముసలాయన తల ఊపాడు.

"ఆ. ఇప్పుడు ఇనపడతంది."